ఓపెన్ జిమ్ కీళ్లు: విరిగినప్పుడు ఎవరిని అడగాలి?

పార్కుల్లో ఓపెన్ జిమ్ పరికరాలు పాడయ్యాయన్న వార్త జిల్లా ఎడిషన్లకు కొత్త కాదు. పెడలు ఊడిన సైకిలు, ఒంటికాలితో వేలాడే ఎయిర్ వాకర్, పట్టించుకోని అధికారులు, చివర్లో ఆకతాయిల మీద ఒక మాట. పరికరాలను జనం సొంత వస్తువుల్లా చూసుకోవాలన్న విజ్ఞప్తితో వార్త ముగుస్తుంది. రాసినవాళ్లు విరిగిన చోటికి వంగి చూసి ఉంటే ఇంకో సంగతి కూడా రాసేవారు. పైపులు నిక్షేపంగా ఉంటాయి. దాదాపు ప్రతిసారీ అరిగిందీ, పట్టేసిందీ, ఊడిపోయిందీ కీలు దగ్గరే.

ఎయిర్ వాకర్‌నే చూద్దాం. పైన అడ్డంగా ఇరుసు, దానికి వేలాడే రెండు కాళ్లు, కింద పాదాలు ఆనించే పలకలు. కాలు ఇరుసును పట్టుకున్న చోట గుప్పిట్లో పట్టేంత గొట్టం, దాని పక్కన నల్లటి ప్లాస్టిక్ మూత ఉంటాయి. మూత ఊడదీస్తే లోపల తరచుగా కనిపించేది 6204 రకం బేరింగ్: రంధ్రం 20 మిల్లీమీటర్లు, బయటి వ్యాసం 47, మందం 14. ఏ ఊరి బేరింగుల షాపులోనైనా దొరుకుతుంది. మూత అంచు నుంచి రంగు మీదుగా కిందికి జారిన ఎర్రటి చార కనిపిస్తే, దాన్ని పైపైన పట్టిన తుప్పు అనుకోవడం పొరపాటు. లోపల అరిగిన ఉక్కు పొడి తుప్పెక్కి, వాన నీటితో కలిసి బయటికి కారిన జాడ అది.

ఈ బేరింగ్ చెడ్డదేమీ కాదు, దానికి అప్పగించిన పనే వేరు. మోటారులో అయితే అది నిమిషానికి వందల, వేల చుట్లు తిరుగుతుంది. గోళీలు గ్రీజును చుట్టూ తిప్పి ప్రతిచోటికీ చేరుస్తాయి. ఎయిర్ వాకర్‌లో అది జీవితాంతం ఒక్క పూర్తి చుట్టు కూడా తిరగదు. కాలు అటూ ఇటూ కలిపి 60 డిగ్రీలు ఊగిందనుకుంటే, లోపలి గోళీలు కదిలేది అందులో మూడింట రెండు వంతులు కూడా ఉండదు. మామూలుగా ఈ బేరింగులో 8 గోళీలు ఉంటాయి, అంటే పక్కపక్క గోళీల మధ్య దూరం 45 డిగ్రీలు. ఏ గోళీ కూడా పక్కదాని తావుకు చేరదు. ఉన్నచోటే దొర్లి దొర్లి, కింద ఉన్న గ్రీజును పక్కకు నెట్టేసి, చివరికి ఉక్కు మీద ఉక్కు రాసుకుంటుంది.

ఉయ్యాల బల్ల ఉన్న ఇళ్లలో ఇది తెలియని సంగతి కాదు. ఏళ్లు ఊగిన కొక్కెం విప్పి చూస్తే మిగతాదంతా కొత్తదిలాగే ఉంటుంది. గొలుసు కూర్చునే ఆ కాస్త చోటే సగానికి అరిగి మెరుస్తూ ఉంటుంది. కిర్రుమన్నప్పుడల్లా పెద్దవాళ్లు ఆముదం చుక్క వేసింది అందుకే.

ఇంజనీర్లకు ఈ జబ్బు 1930లలోనే తెలుసు. అమెరికాలో డెట్రాయిట్ నుంచి రైళ్లలో పంపిన కొత్త కార్లు, రోడ్డెక్కకముందే చక్రాల బేరింగులు పాడైన స్థితిలో చేరేవి. రైలు కుదుపులకు గోళీలు ఉన్నచోటే వణికి వలయాల్లో గుంటలు పడేవి. జె.ఓ. ఆల్మెన్ 1937లో దీని మీద వ్యాసం ప్రచురించాడు. దీన్నే ఫాల్స్ బ్రినెలింగ్ అంటారు. ఎయిర్ వాకర్ ఊపు ఆ వణుకు కంటే చాలా పెద్దదే కానీ, జబ్బు ఆ జాతిదే.

బరువు సంగతి ఇంకొకటి. పాదం ఆనే పలక సరిగ్గా కీలు కింద ఉండదు, పక్కకు జరిగి ఉంటుంది. 80 కిలోల మనిషి కీలు మధ్య నుంచి 20 సెంటీమీటర్ల పక్కన నిలబడ్డాడనుకుందాం. గొట్టంలోని రెండు బేరింగుల మధ్య దూరం 6 సెంటీమీటర్లే అయితే, ఆ వంపును ఆపడానికి ఒక్కో బేరింగు మోయాల్సింది సుమారు 267 కిలోలు. నేరుగా పడే బరువు దీనికి అదనం. అదే దూరాన్ని 12 సెంటీమీటర్లు చేస్తే 133కి దిగుతుంది. జానెడు పొడవు కూడా లేని గొట్టంలో ఇంకాస్త పైపు పెడితే చాలు, భారం సగమవుతుంది. నిమిషానికి 40 ఊపులు, రోజుకు నాలుగు గంటల వాడకం అని లెక్క వేసినా ఏడాదికి 35 లక్షల ఊపులు. కీలులో 'ప్లే' వచ్చిందని మెకానిక్ చేత్తో కదిపి చెప్పేది ఈ లెక్క ఫలితాన్నే.

ఎండ, వాన మిగతా పని చేస్తాయి. మధ్యాహ్నపు ఎండలో కాలిన గొట్టం మీద హఠాత్తుగా వాన పడితే లోపలి గాలి కుంచించుకుపోయి, సీలు అంచు నుంచి నీటిని లోపలికి పీల్చుకుంటుంది. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల ఆ తేమలో ఉప్పు కూడా ఉంటుంది. నీరు బయటికి పోవడానికి కింద చిన్న రంధ్రమైనా ఉండదు.

ఊగే కీలుకు నప్పేది బుష్. కంచులో గ్రాఫైట్ దిమ్మెలు పొదిగినదో, లోపల టెఫ్లాన్ పొర ఉన్నదో, గ్రీజు అక్కర్లేని సాదా బుష్ వేసి, అందులో స్టెయిన్‌లెస్ పిన్ ఆడేలా చేయాలి. సముద్రం పక్కన అయితే పిన్ 316 గ్రేడుది కావాలి. గోళీ ఒక బిందువు మీద మోసే బరువును బుష్ అరచేతి మీద మోసినట్టు వెడల్పుగా మోస్తుంది. నడుము తిప్పే ట్విస్టర్ పలకకు మాత్రం గోళీల బేరింగే కావాలి, అక్కడ బరువు నిలువుగా పడుతుంది, పలక చుట్టూ తిరుగుతుంది కూడా. అన్నింటికీ ఒకే బేరింగ్ వేయడం కొనుగోలుదారుకు సులువు కావచ్చు, కీలుకు కాదు.

బుష్ అరుగుతుంది, అరగాలి కూడా. అరిగినదాన్ని సుత్తి, స్పానరుతో పావుగంటలో మార్చేలా ఉండాలి. మూతను వెల్డింగ్ చేసి మూసేసిన కీలును బాగుచేయాలంటే కోయాల్సిందే, కోస్తే గాల్వనైజింగ్ పోయినట్టే. ఎడ్లబండి చేసిన వడ్రంగి చక్రాన్ని ఇరుసు బిగువు మీద వదిలేయలేదు, చివర కడచీల దిగ్గొట్టాడు. ఎయిర్ వాకర్ కాలుకు కూడా అదే కావాలి. బోల్టు వదులైనా, బేరింగు పొడైనా, కాలు ఇరుసు మీద నుంచి జారకుండా పట్టుకునే రెండో అడ్డు ఉండి తీరాలి.

ఇక సందులు. యంత్రాల దగ్గర మనిషి నలగకుండా ఉండాల్సిన కనీస ఎడాన్ని ఐఎస్ఓ 13854 ప్రమాణం అవయవాల వారీగా చెబుతుంది: వేలికి 25 మిల్లీమీటర్లు, చేతికి 100, పాదానికి 120, తలకు 300. యూరప్‌లో పిల్లల ఆట పరికరాలను 8.6 మిల్లీమీటర్ల కడ్డీతో పరీక్షిస్తారు. అది దూరే సందులో 25 మిల్లీమీటర్ల కడ్డీ కూడా దూరాలి, లేకపోతే వేలు దిగి ఇరుక్కుంటుంది. కదిలే కీలులో కష్టం ఏమిటంటే సందు కొలత నిలకడగా ఉండదు. పరికరం కదలకుండా ఉన్నప్పుడు టేపు పెట్టి కొలిచి సరిపోయిందని రాసే తనిఖీకి అందుకే విలువ లేదు. ఊపు ఈ కొస నుంచి ఆ కొస వరకు ఎక్కడా సందు వేలిని నలిపే కొలతకు రాకూడదు. ఊపు చివర రబ్బరు దిమ్మె తగిలి మెత్తగా ఆగాలి.

ఇక్కడే తయారీదారు చేతిలో ఒక బోర్డు ఉంటుంది: 'పిల్లలు వాడరాదు'. ఓపెన్ జిమ్‌ల కోసం యూరప్ 2015లో తెచ్చిన ఈఎన్ 16630 ప్రమాణం కూడా 1400 మిల్లీమీటర్లకు పైగా ఎత్తున్న వారికే వర్తిస్తుంది. అంతకంటే పొట్టి పిల్ల వేలు నలిగితే అది దుర్వినియోగం అంటారు. పత్రికలూ ఆ మాటను మారు మాట్లాడకుండా అచ్చు వేస్తాయి. ఆ మాటకు ఒకటిన్నర శతాబ్దం కిందటే కోర్టులో జవాబు దొరికింది, అది కూడా ఒక కదిలే కీలు దగ్గరే.

1869లో అమెరికాలోని నెబ్రాస్కాలో, బ్లెయిర్ అనే ఊళ్లో రైలింజన్లను తిప్పే టర్న్‌టేబుల్ దగ్గర ఆరేళ్లు దాటిన పిల్లవాడు తోటివాళ్లతో ఆడుతున్నాడు. దానికి తాళం లేదు, గొళ్లెం విరిగి ఉంది. మిగతా పిల్లలు తిప్పుతుండగా ఎక్కబోయాడు. తిరిగే పట్టా కొసకూ, కదలని పట్టా కొసకూ మధ్య పాదం నలిగిపోయింది. పిల్లవాడు మా స్థలంలోకి చొరబడ్డాడు, మా బాధ్యత లేదని సూ సిటీ రైల్వే కంపెనీ వాదించింది. పిల్లలు అక్కడ ఆడుకోవడం కంపెనీ మనిషే అంతకుముందు చూశాడు. 1873లో అమెరికా సుప్రీంకోర్టు 7,500 డాలర్ల పరిహారాన్ని సమర్థించింది. 1909లో ఐర్లండ్ రైల్వే టర్న్‌టేబుల్ కేసులో బ్రిటన్ హౌస్ ఆఫ్ లార్డ్స్ కూడా పిల్లవాడి పక్షానే నిలిచింది. 1922లో అమెరికా సుప్రీంకోర్టులో జస్టిస్ హోమ్స్ మరో కేసులో ఈ సూత్రాన్ని కుదించిన మాట నిజమే. ఆ కేసులో పిల్లలను చంపిన విషపు నీటి మడుగు బయటికి కనిపించేది కాదు, వాళ్లను అక్కడికి రప్పించింది అదేనని చెప్పడానికి లేదని ఆయన తర్కం. ఓపెన్ జిమ్‌కు ఆ తర్కం వర్తించదు. ఎర్రటి, పచ్చటి రంగులు పూసి, జారుడుబల్లకు పది అడుగుల దూరంలో పాతిన ఊగే యంత్రం పిల్లలను పిలవదని ఎవరంటారు?

మన చట్టం ఇంకా సూటిగా ఉంది, అయినా ఈ చర్చలో దాని పేరు వినిపించదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఆరో అధ్యాయంలో 82 నుంచి 87 వరకు సెక్షన్లు వస్తువు వల్ల కలిగే హానికి బాధ్యత ఎవరిదో చెబుతాయి. 84వ సెక్షన్ ప్రకారం డిజైన్‌లో లోపం ఉంటే తయారీదారు బాధ్యుడు. పార్కుకు వచ్చినవాడు ఏమీ కొనలేదు కదా, వినియోగదారుడు ఎలా అవుతాడన్నది మొదటి అభ్యంతరం. జవాబు నిర్వచనంలోనే ఉంది: కొన్నవారి సమ్మతితో ఆ వస్తువును వాడే వ్యక్తి కూడా వినియోగదారుడే. పరికరాన్ని పురపాలక సంఘం డబ్బిచ్చి కొన్నది, వాడుకోమని జనం మధ్య పెట్టింది, దానితో వ్యాపారం చేయడం లేదు. అందరికీ ఉచితంగా ఇచ్చే సేవ ఈ చట్టం కిందికి రాదని చెప్పేవారు సేవకూ వస్తువుకూ తేడా మరిచిపోతున్నారు. ఇక్కడ ఫిర్యాదు పార్కు సేవ మీద కాదు, డబ్బిచ్చి కొన్న ఇనుప కీలు మీద.

దుర్వినియోగం అన్న అడ్డును కూడా సరిగ్గా చదవాలి. వస్తువును దుర్వినియోగం చేసినా, మార్చినా దావా చెల్లదని 87వ సెక్షన్ మొదటి ఉపవిభాగం చెప్పే మాట నిజమే. కానీ ఆ రక్షణ ఇచ్చింది అమ్మకందారుకు. అక్కడ తయారీదారు పేరు లేదు. పిల్లలు ఎక్కుతారని ఇట్టే ఊహించగలిగిన చోట డిజైన్ లోపానికి తయారీదారే జవాబు చెప్పాలన్నది ఈ సెక్షన్లను కలిపి చదివితే వచ్చే అర్థం. డ్రాయింగు గీసినవాడిని కూడా ఈ చట్టం తయారీదారుగానే లెక్కిస్తుంది.

పురపాలక సంఘానికి వేరే దారిలో బాధ్యత ఉంది. ఢిల్లీ చాందినీ చౌక్ గంటస్తంభం 1951లో కూలి జనం చనిపోయారు. బయటికి ఏ పగులూ కనిపించలేదని కార్పొరేషన్ వాదించింది. కట్టడం వయసు 80 ఏళ్లు, వాడిన సున్నానికి ఆయుష్షు 40, 45 ఏళ్లే. లోపం లోపలే దాగి ఉందన్నది సాకు కాదని, ఎప్పటికప్పుడు పరీక్ష చేయించడం యజమాని విధి అని 1966లో సుప్రీంకోర్టు చెప్పింది. ప్లాస్టిక్ మూత వెనక ఉన్న బేరింగుకు ఈ మాట అక్షరాలా వర్తిస్తుంది.

కాబట్టి టెండరులో 'ఈఎన్ 16630 ప్రకారం' అని ఒక్క ముక్క రాసి ఊరుకోవడం చాలదు. కీలు కోత చిత్రం అడగాలి. బుష్ ఏ లోహమో, పిన్ ఏ గ్రేడో, బేరింగుల మధ్య ఎడం ఎంతో, విడిభాగం ధర ఎంతో, మార్చడానికి ఏ పనిముట్లు కావాలో అందులో ఉండాలి. ఖర్చు పెరుగుతుందని కాంట్రాక్టర్లు అంటారు, నిజంగానే కొంత పెరుగుతుంది. అరిగిన బుష్ మార్చే ఖర్చుకూ, కీలు పట్టేసిన యంత్రాన్ని మొత్తంగా తుక్కుకు వేసే ఖర్చుకూ పోలిక పెట్టి చూస్తే ఆ వాదన నిలవదు.

ప్రస్తుతం పరికరం విరగగానే జరిగేది వేరు. మర్నాడు వెల్డరు వస్తాడు, విరిగిన కీలు మీద రెండు టాకాలు వేస్తాడు, ఊడిన బేరింగు చెత్తబండిలో పోతుంది. ఆ రెండు టాకాలతో వస్తువును 'మార్చినట్టు' అమ్మకందారుకు సాకు దొరుకుతుంది, సాక్ష్యం కూడా పోతుంది. లోపం పరీక్షతో తప్ప తేలని చోట వస్తువు నమూనాకు సీలు వేసి ల్యాబుకు పంపాలని, 45 రోజుల్లో నివేదిక తెప్పించాలని వినియోగదారుల రక్షణ చట్టం 38వ సెక్షన్ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు చెబుతోంది. పంపడానికి ఆ కీలు ముక్క ఉండాలి. గాయపడినవారి తరఫువాళ్లు ఆసుపత్రి చీటీతో పాటు విరిగిన చోటు ఫొటోలు, బేరింగు మీది నంబరు, పరికరం మీది కంపెనీ పలక వివరాలు అదే రోజు భద్రం చేసుకోవాలి. పార్కు సిబ్బంది వెల్డరును పిలిచేలోపే ఆ ముక్కను విప్పించి, పంచనామా రాసి దాచాలి.