బొమ్మల సినిమాకి ఇంటిల్లిపాదీ ఎప్పుడు వెళ్తారు?

"బొమ్మల సినిమానా? అది పిల్లలకే" అని పెద్దవాళ్లు తేలిగ్గా తీసేస్తుంటారు. ఆ మాటే నిజమైతే ఈ సినిమాలన్నీ ఇంచుమించు ఒకేలా ఆడాలి, ఎందుకంటే పిల్లలు ఎప్పుడూ ఉంటారు. కానీ ఒక సినిమా వందల కోట్లు వసూలు చేస్తుంటే, అంతే కష్టపడి తీసిన మరొకటి వారం తిరక్కుండానే థియేటర్ నుంచి వెళ్లిపోతోంది. బొమ్మలు ఎంత బాగున్నాయన్నది ఇందులో ఒక భాగమే. ఇంట్లో ఎంతమందికి ఆ సినిమాలో చోటు ఉందన్నదే అసలు విషయమని నా అభిప్రాయం.

ముందు ఒక చిన్న లెక్క చూద్దాం. మనలో ఎవరమూ సినిమాకి ఒంటరిగా వెళ్లం. అమ్మో నాన్నో వెంట రావాలి. చెల్లిని ఇంట్లో వదల్లేం. నాయనమ్మ మన దగ్గరే ఉంటే ఆవిడనీ వదల్లేం. అంటే ఒకరు సరదా పడితే నాలుగైదు టికెట్లు తెగుతాయి. అదే ఒకరు "నాకేం అర్థమవుతుంది, మీరెళ్లండి" అంటే మొత్తం ప్రయాణమే ఆగిపోవచ్చు. మన ఖరగ్‌పూర్‌లో ఇది ఇంకా కష్టం. నాన్న రన్నింగ్ డ్యూటీలో ఉంటే ఆయనకి రెస్ట్ దొరికిన రోజున మనకి బడి ఉంటుంది. కలైకుండా ఎయిర్‌ఫోర్స్ స్టేషన్‌లో ఉండే మిత్రుల ఇళ్లలోనూ అంతే. అందరికీ తీరిక కుదిరిన ఆ ఒక్క ఆదివారాన్ని ఏ సినిమాకి ఇవ్వాలన్నది పిల్లలు మాత్రమే తేల్చే విషయం కాదు.

ఈ లెక్కకి మంచి ఉదాహరణ 'మహావతార్ నరసింహ'. అశ్విన్ కుమార్ దర్శకత్వంలో 2025 జులై 25న తెలుగుతో సహా అయిదు భాషల్లో విడుదలైంది. తెర మీద కనిపించే పెద్ద హీరో ఎవరూ లేరు. అది వేసవి సెలవుల కాలమూ కాదు. దేశంలో తొలిరోజు వసూళ్లు రెండు కోట్ల రూపాయల లోపే. ఆ తరువాత చూసినవాళ్లు చెప్పగా విని చూడనివాళ్లు వెళ్లారు. చివరికి వసూళ్లు 300 కోట్లు దాటాయి. హిందీ తరువాత ఎక్కువ డబ్బు వచ్చింది తెలుగులోనే.

తెలుగువాళ్లు ఎందుకంతగా వెళ్లారు? ప్రహ్లాదుడి కథ మనకి సినిమా పుట్టుకతో వచ్చిన కథ. 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'. 1967లో అదే పేరుతో వచ్చిన సినిమాలో చిన్నారి రోజారమణి ప్రహ్లాదుడు, ఎస్.వి. రంగారావు హిరణ్యకశిపుడు. మన అమ్మమ్మలకి ఆ గొంతు ఇప్పటికీ చెవుల్లో ఉంటుంది. ఖరగ్‌పూర్ తెలుగువాళ్లలో ఎంతోమంది సొంత ఊళ్లు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపే. ఆ ఇళ్లలో సింహాచలం అప్పన్న పేరు వినకుండా పెరిగినవాళ్లు అరుదు. కాబట్టి ఈ సినిమాలో పెద్దవాళ్లకి భక్తీ జ్ఞాపకమూ దొరికాయి, చిన్నవాళ్లకి తమ వయసు కథానాయకుడూ చివర్లో భారీ పోరాటమూ దొరికాయి. ఎవరూ ఎవరికోసమో సర్దుకుని కూర్చోవలసిన అవసరం రాలేదు.

"అయితే తెలిసిన కథ తీస్తే చాలన్నమాట" అని ఎవరైనా అనవచ్చు. చాలదు. జపాన్‌కి చెందిన యుగో సాకో మన చిత్రకారుడు రామ్ మోహన్‌తో కలిసి 1990ల తొలి రోజుల్లో రామాయణాన్ని ఎంతో అందమైన బొమ్మల సినిమాగా తీశారు. రామాయణం కంటే తెలిసిన కథ మనకి ఏముంది? అయినా అప్పట్లో అది థియేటర్లలో పెద్దగా ఆడలేదు. తరువాత టీవీలో చూసి ఒక తరం పిల్లలు ప్రేమించారు. 2005లో 'హనుమాన్' బాగా ఆడాక పురాణాల బొమ్మల సినిమాలు వరుస కట్టాయి. 2008లో సింగీతం శ్రీనివాసరావు అంతటి దర్శకుడు 'ఘటోత్కచ్' తీశారు. 'మాయాబజార్' చూసి పెరిగిన మనకి ఘటోత్కచుడు ఇంటి మనిషే కదా! అయినా దానికి 'హనుమాన్' అంత విజయం దక్కలేదు. తెలిసిన కథ తలుపు తీస్తుంది, అంతే. లోపలికి వచ్చినవాళ్లు బయటికి వెళ్లి పక్కింటివాళ్లకి చెప్పాలనిపించాలి.

కొత్త కథలు గెలవవా అంటే, గెలుస్తాయి. దానికి సాక్ష్యం మన బదిలీ పిల్లల కథలోనే ఉంది. 2015లో పిక్సార్ సంస్థ 'ఇన్‌సైడ్ అవుట్' తీసింది. పదకొండేళ్ల రైలీ తండ్రి ఉద్యోగం కోసం మిన్నెసోటా వదిలి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లాల్సి వస్తుంది. కొత్త ఇల్లు, కొత్త బడి, పాత స్నేహితులు దూరం. అమ్మానాన్నల కోసం నవ్వుతూ ఉండాలని ఆ పిల్ల తన దుఃఖాన్ని దాచుకుంటుంది. ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ వచ్చిన రాత్రి ఇల్లు ఎలా ఉంటుందో తెలిసిన మనకి ఇది ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఐతే ఆ సినిమా రైలీ మనసును మాత్రమే చూపించలేదు. భోజనాల బల్ల దగ్గర అమ్మ మనసులోకి, నాన్న మనసులోకి కూడా తీసుకెళ్లింది. అందుకే పిల్లల్ని తీసుకొచ్చిన పెద్దవాళ్లు తామే కన్నీళ్లు తుడుచుకున్నారు. 2024లో వచ్చిన రెండో భాగం ప్రపంచవ్యాప్తంగా 160 కోట్ల డాలర్లు దాటింది.

అదే పిక్సార్ 2025 జూన్‌లో 'ఎలియో' విడుదల చేసింది. అమ్మానాన్నలు లేని పిల్లవాడు, ఎయిర్‌ఫోర్స్‌లో పనిచేసే మేనత్త, ఒంటరితనం. మన కలైకుండా మిత్రులకి దగ్గరగా వచ్చే కథే. కానీ అమెరికాలో తొలి వారాంతపు వసూళ్లు పిక్సార్ చరిత్రలోనే అతి తక్కువ. పక్క థియేటర్లలో అందరికీ తెలిసిన పాత కథలు కొత్త రూపంలో ఆడుతున్నాయి. దీనికితోడు కరోనా రోజుల్లో పిక్సార్ తన 'సోల్', 'లూకా', 'టర్నింగ్ రెడ్' సినిమాలను నేరుగా ఓటీటీలో ఇచ్చింది. "కొన్నాళ్లు ఆగితే ఇంట్లోనే చూడొచ్చు" అన్న అలవాటు కుటుంబాలకి అలా కొంత పట్టుకుంది. ఐదు టికెట్ల ఖర్చు ముందు ఆ మాట చాలా బలమైనది.

ఇక భాష. 2019 'లయన్ కింగ్' తెలుగులో వచ్చినప్పుడు సింబాకి నాని, స్కార్‌కి జగపతిబాబు, పుంబాకి బ్రహ్మానందం, టిమోన్‌కి అలీ గొంతు ఇచ్చారు. ఆఫ్రికా అడవిపంది బ్రహ్మానందం గొంతుతో మాట్లాడితే తాతగారు కూడా నవ్వుతారు. చైనాలో 2025లో వచ్చిన 'నె జా 2' 200 కోట్ల డాలర్లు దాటిన తొలి బొమ్మల సినిమా అయింది. అందులో చాలా భాగం సొంత దేశంలో, సొంత భాషలో వచ్చిన డబ్బే.

ఇది మనకి చాలా దగ్గరి విషయం. బడిలో హిందీ, ఇంగ్లీషు, బజారులో బెంగాలీ, ఇంట్లో తెలుగు. ఝపటాపూర్‌లో తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలున్నాయి కాబట్టి వీధిలోనూ మన మాట వినిపిస్తుంది. రేపు బదిలీ అయి వెళ్లే ఊళ్లో అదీ ఉండకపోవచ్చు. ఏ భాషలో చూసినా మనకి అర్థమవుతుంది, నాయనమ్మకి కాదు. ఆవిడ "మీరెళ్లండి" అన్న రోజున థియేటర్‌వాళ్లకి పోయేది ఒక టికెట్టే. మనకి మాత్రం ఆవిడ పక్కన కూర్చుని, తెలియని మాటకి అర్థం అడిగే అవకాశం పోతుంది.

వసూళ్లను బట్టి సినిమా మంచిచెడ్డలు తేల్చమని నేను అనడం లేదు. 'కిట్టు' అనే తెలుగు బొమ్మల సినిమాకి 2006 సంవత్సరానికి జాతీయ ఉత్తమ యానిమేషన్ చిత్రం అవార్డు వచ్చింది. మనలో ఎంతమందిమి ఆ పేరు విన్నాం? డబ్బులు పురాణాలకే వస్తాయని అందరూ అవే తీస్తూ పోతే, ఆరేళ్లలో మూడు బడులు మారిన పిల్లల కథ మన భాషలో ఎవరు తీస్తారు? 'ఛోటా భీమ్'ను తయారుచేసిన సంస్థ హైదరాబాద్‌దే. కాబట్టి చేయగలిగినవాళ్లు మనవాళ్లలోనే ఉన్నారు. అలాంటి సినిమా వస్తే అందులో మనతోపాటు నాన్నకీ, నాయనమ్మకీ చోటు ఉండాలి. అప్పుడే అది ఆడుతుంది.

ఈలోగా మన చేతిలో ఉన్న పని ఒకటుంది. ఈసారి ఇంట్లో సినిమా మాట వచ్చినప్పుడు, ఏ సినిమా అని అడగడానికి ముందు ఎవరు మిగిలిపోతున్నారో చూద్దాం. థియేటర్‌లో గానీ, ఇంట్లో టీవీలో గానీ తెలుగు దొరికితే తెలుగే పెడదాం. మనకి హిందీలో చూడటం తేలికే కావచ్చు, కానీ ఆ రెండు గంటలు ఇంటిల్లిపాదివీ.