పోవలసింది దుమ్ము, మందుల డబ్బు కాదు



ఈమధ్య ఒక తల్లి ఏడేళ్ళ పిల్లవాడిని ఎత్తుకొని ఓ.పి.కి పరుగున వచ్చింది. పిల్లికూతలు, ఆయాసం. నెబ్యులైజర్ పెట్టి, వాడు తేరుకున్నాక అడిగితే, రోజూ పీల్చవలసిన ఇన్‌హేలర్ రెండు నెలలుగా వాడటం లేదని తెలిసింది. "వాక్యూమ్ క్లీనర్ తెచ్చినాము సిస్టర్, కంతులు కట్టేది ఉంది. వానికి దుమ్ము పడదని మీరే చెప్తిరి గదా!" అన్నది.

నాకు నోట మాట రాలేదు. ఆమె బిడ్డ మీద ప్రేమతోనే కొన్నది. దుమ్ము పడదని చెప్పి పంపిన మేమే, దానికి ఏం చేయాలో పూర్తిగా చెప్పలేదు. అందుకే ఈ నాలుగు మాటలు.

మన సీమకు దుమ్ము కొత్త కాదు. ఆషాఢం గాలి లేచిందంటే నల్లరేగడైనా, ఎర్రమట్టైనా తలుపు సందుల్లోంచి వంటింటి దాకా వస్తుంది. పొడి పరకతో కసువు ఊడిస్తే పెద్ద చెత్త పోతుంది గాని, సన్న దుమ్ము గాల్లోకి లేచి మళ్ళీ మంచం మీదనే పడుతుంది. అయితే మన ఇళ్ళలో చాలావరకు ఉన్నది నాపరాళ్ళ నేల. తడిగుడ్డ పెడితే ఆ దుమ్ము గుడ్డకు అంటుకొని బకెట్ నీళ్ళలోకి పోతుంది. ఈ నేలకు ఇంతకన్నా మంచి యంత్రం లేదని నా అభిప్రాయం.

వాక్యూమ్ క్లీనర్ పుట్టింది తివాచీలు పరచుకునే చలి దేశాలలో. 1901లో లండన్‌లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ చేసిన యంత్రాన్ని గుర్రపు బండి మీద తెచ్చి వీధిలో నిలిపి, కిటికీల గుండా గొట్టాలు లోపలికి పంపేవారు. 1907లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, ఒక దుకాణంలో ఊడ్చే పని చేసే జేమ్స్ ముర్రే స్పాంగ్లర్ చేతితో నడిపే చిన్న యంత్రం తయారు చేశాడు. ఆయనకు ఉబ్బసం. ఊడ్చేటప్పుడు లేచే దుమ్ముకు తాళలేక ఫ్యాను మోటారు, దిండు గలీబు, చీపురు కర్ర కలిపి దాన్ని చేసుకున్నాడు. ఒక ఆయాసపు రోగి బాధలోంచి వచ్చిన వస్తువును నేను తేలిక చేసి మాట్లాడను. ఎవరికి అవసరమో, ఎప్పుడు అవసరమో చెప్పడమే నా ఉద్దేశం.

ఇంట్లో ఉబ్బసం ఉన్నవారు ఉండి, పరుపులు, గుడ్డ సోఫాలు, మందపాటి కర్టెన్లు ఉంటే యంత్రం ఉపయోగమే. పరుపుల్లో, దిండ్లలో కంటికి కనిపించని దుమ్ము పురుగులు ఉంటాయి. మన చర్మం నుండి రాలే పొట్టు తిని బ్రతుకుతాయి. వాటి మలమే చాలామందికి పడదు. యంత్రం పైపై దుమ్మును లాగుతుంది గాని లోపలి పురుగులన్నిటినీ లాగలేదు. కాబట్టి దుప్పట్లు, గలీబులు వారానికొకసారి బాగా వేడి నీళ్ళలో ఉతికి ఎండలో ఆరవేయండి. ఎండకు మనకేమీ కరువు లేదు.

కొనేవారు ఇవి గమనించండి:

1. వాట్లు ఎక్కువైతే మంచిదని అనుకోవద్దు. ఫిల్టర్ చూడండి. మంచి ఫిల్టర్ లేని యంత్రం ముందు నుండి లాగిన సన్న దుమ్మును వెనుక నుండి గదిలోకే వదులుతుంది. అసలైన హెపా ఫిల్టర్ 0.3 మైక్రాన్ల కణాలను 99.97 శాతం ఆపుతుంది.

2. సంచులు, ఫిల్టర్లు మీ ఊళ్ళో దొరుకుతాయా, రిపేరు ఎవరు చేస్తారు అని కొనకముందే అడగండి.

3. యంత్రం నడిచేటప్పుడు, ఆ తర్వాత ఓ అరగంట వరకు ఉబ్బసం ఉన్నవారిని ఆ గదిలో ఉంచకండి.

4. సంచి బయటే, గాలివాటం చూసుకొని ఖాళీ చేయండి. ఇది నేను అనుభవంతో నేర్చుకున్నాను. ఒకసారి బద్ధకించి మా వసారాలోనే దులిపాను. ఉబ్బసం ఉన్న మా ఇంటాయన ఆ రాత్రంతా కూర్చొనే తెల్లవార్చారు. తప్పు యంత్రానిది కాదు, నాది.

బేతంచెర్ల, ఎర్రగుంట్ల వైపు రాతి గనుల్లో, పాలిషింగ్ యూనిట్లలో పనిచేసే కుటుంబాలకు ప్రత్యేకంగా ఒక మాట. రాతిపొడిలోని సిలికా ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది. దానిని నయం చేసే మందు లేదు. ఆ పొడిని మామూలు వాక్యూమ్ క్లీనర్‌తో లాగకండి, పరకతోనూ ఊడవకండి. తడిపి తుడవండి. పని బట్టలు ఇంట్లో దులపకండి. విడిగా నానబెట్టి ఉతకండి.

ఇంకొకటి. బీడీ పొగ, కట్టెల పొయ్యి పొగ, దోమల బత్తి పొగ ఉబ్బసానికి దుమ్మంత శత్రువులే. ఏ వాక్యూమ్ క్లీనరూ పొగను లాగదు. వాటిని మానడానికి పైసా ఖర్చు లేదు, ఒక్క పొయ్యికి తప్ప. అలాగే ఊడ్చే పని ఇంట్లో ఎవరి మీద పడుతున్నదో చూడండి. కోడలికో, కూతురికో ఆయాసం ఉంటే ఆ పరక ఇంట్లో మగవారు తీసుకుంటే తప్పేమీ లేదు.

కాబట్టి ఖర్చులో వరుస ఇది: మొదట మందు, తర్వాత తడిగుడ్డ, డబ్బు మిగిలితేనే యంత్రం. రోజూ వాడే ఇన్‌హేలర్ ఊపిరి గొట్టాల లోపలి వాపును తగ్గిస్తుంది. ఆ పని ఏ యంత్రమూ చేయలేదు. ఆయాసం లేదు కదా అని డాక్టరుగారిని అడగకుండా దాన్ని మానకండి.

లూకా సువార్త 15వ అధ్యాయంలో పోయిన ఒక్క నాణెం కోసం దీపం వెలిగించి ఇల్లంతా ఊడ్చిన స్త్రీ మీకు తెలుసు. ఆమె ఊడ్చింది విలువైన దానిని దక్కించుకోవడానికి. మన ఇంట్లో విలువైనది బిడ్డ ఊపిరి. ఆ తల్లి ఇప్పుడు ఇన్‌హేలర్ మళ్ళీ మొదలుపెట్టింది. కంతులూ కడుతున్నది. పోయిన వారం పిల్లవాడు మా వార్డు వరండాలో పరుగెత్తుతుంటే, ఆపమని చెప్పడానికి నాకు మనసు రాలేదు.

దేవుడు మీ కుటుంబాలను దీవించును గాక.

– నర్సింగ్ సూపరింటెండెంట్