యంత్రముల హాజరు పట్టిక

ఏ సంస్థకైనను తన ఆస్తి ఎంత, అది ఎచ్చట నున్నది అను ఎరుక ముఖ్యము. బల్లలు, కుర్చీలు స్టాకు రిజిస్టరులో ఎక్కించి ఏటేట లెక్కచూచుటతో పూర్వము ఆ పని తీరెడిది. నేడు కంప్యూటర్లు, ప్రింటర్లు, స్విచ్చులు, కెమెరాలు అన్నియు ఒకే నెట్‌వర్కునకు ముడిపడియున్నవి. నెట్‌వర్కులోని ప్రతి చిరునామాను పలుకరించి, బదులు పలికిన వాటినెల్ల తమంతట తామే నమోదు చేసికొను సాఫ్ట్‌వేరులు వచ్చినవి. నమోదు సులభమే, కొట్టివేతయే కష్టము. ఏ పేరు ఎంతకాలము ఉంచవలెను, ఎప్పుడు తీసివేయవలెను అను నియమము లేనిచో ఆ పట్టిక ఏడాది తిరుగకమునుపే నమ్మదగనిదగునని మా అభిప్రాయము.

పట్టిక ఎట్లు ఉబ్బునో చూడుడు. నెట్‌వర్కు కార్డుతోబాటు వచ్చు 48 బిట్ల మ్యాక్ చిరునామానుబట్టి యంత్రమును గుర్తించుట ఆనవాయితీ. కాని 2019లో ఆండ్రాయిడ్ 10, 2020లో ఐఓఎస్ 14 వచ్చిన పిమ్మట ఫోనులు తమ అసలు చిరునామాను దాచి, ఒక్కొక్క వైఫైకి ఒక్కొక్క కల్పిత చిరునామాను చూపుచున్నవి. వ్యక్తి గోప్యతకు ఇది మేలే. అయితే ఆవరణలో మూడు వైఫై పేర్లున్నచో ఒక్క ఫోను మూడు ఫోనులుగా పట్టికకెక్కును. ఇట్టి చిరునామాలో రెండవ గుర్తు 2, 6 అంకెలుగాని, ఏ, ఇ అను ఆంగ్లాక్షరములుగాని అయియుండును. కనుక వీటిని వేరుచేయుట అసాధ్యము కాదు.

“నిల్వకు చోటు చవక, అన్నియు ఉండనిండు” అనువారు కలరు. లేని యంత్రములను ఉన్నట్లు లెక్కించినచో, యంత్రమునకింత అని చెల్లించు సాఫ్ట్‌వేరు రుసుములు వృథాగా పెరుగును. అంతియకాదు, ఎవరి ఫోను ఎప్పుడు ఎచ్చట నుండెనో తెలుపు వివరములు వ్యక్తిగత సమాచారమే. ప్రయోజనము తీరిన పిదప అట్టి సమాచారమును తుడిచివేయవలెనన్నది 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టములోని మూలసూత్రములలో ఒకటి.

“30 దినములు కానరానిచో కొట్టివేయుడు” అనువారును కలరు. వారి మాట విన్నచో వేసవి సెలవులు ముగియునప్పటికి ప్రయోగశాల యంతయు పట్టికనుండి మాయమగును! తలుపులు తెరచిన నాడు అవే యంత్రములు క్రొత్తవిగా నమోదగును. వాటి మరమ్మతుల చరిత్ర, వారంటీ వివరములు పోవును. విద్యార్థి నెలదినములు రాకున్న కారణ మడుగుదుముగదా! యంత్రము విషయమునను అంతే. బదులు పలుకకపోవుట లేకపోవుట కాదు.

తొందరపాటు కొట్టివేతలో మరొక అపాయము కలదు. 2017 మే 12న వన్నాక్రై అను దుష్ట సాఫ్ట్‌వేరు ప్రపంచమంతట ప్రాకినది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్నియు దాని వాతబడినవి. అప్పటికి మద్దతుగల విండోసులకు విరుగుడు సవరణను మైక్రోసాఫ్టు ఆ మార్చిలోనే విడుదల చేసియుండెను. పట్టికలో లేని యంత్రమునకు సవరణ వేయవలెనని ఎవరికి తోచును?

కావున మా సూచన లివి. అతిథుల, విద్యార్థుల ఫోనుల పేర్లు 30 దినములు కానరానిచో పూర్తిగా తుడిచివేయవచ్చును. కళాశాల సొమ్ముతో కొన్న యంత్రమును మాత్రము మౌనమును సాకుగా గొని తీసివేయరాదు. సెలవులు మినహాయించి 90 దినములు కానరానిదానిని గైరుహాజరుగా గుర్తించి, మనిషి వెళ్లి కన్నులార చూడవలెను. పాడైనదని తేలినచో రద్దు చేసి, 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న ఈ-వ్యర్థముల నియమములను అనుసరించి నమోదిత సంస్థకు అప్పగించి, క్రమసంఖ్య, తేదీ, రసీదు దాఖలాగా భద్రపరచవలెను. నెట్‌వర్కు చిరునామా నేడొకదానిది, రేపు మరొకదానిది. కనుక జంటపేర్లను క్రమసంఖ్యనుబట్టి ఒకటిచేసిన పిదపనే కొట్టివేత సాగవలెను. ఒకేనాడు అనేక యంత్రములు కానరాకపోయినచో తప్పు యంత్రములది కాక వెదకు సాఫ్ట్‌వేరుదో, ఆగిపోయిన స్విచ్చుదో కావచ్చును. అప్పుడు కొట్టివేత తానుగా నిలిచిపోవునట్లు ఏర్పాటుండవలెను.

హాజరు, గైరుహాజరు, రద్దు, దాఖలా – ఈ నాలుగు మాటలు మన కళాశాలలో ఉర్దూ చదువరులకును తెలుగు చదువరులకును ఉమ్మడి సొత్తు. ఈ నాలుగు మెట్లను వరుసతప్పక పాటించుటయే మేము కోరునది. స్థిరాస్తులను ఏడాదికొకమారైనను భౌతికముగా తనిఖీ చేయవలెనని కేంద్ర ప్రభుత్వపు 2017 నాటి సాధారణ ఆర్థిక నియమములును విధించుచున్నవి. రాబోవు స్టాకు తనిఖీలో పాలకవర్గమువారు కంప్యూటరు విద్యార్థులను తోడు చేసికొని, నెట్‌వర్కు పట్టికను స్టాకు రిజిస్టరుతో సరిచూడవలెనని మనవి. ప్రయోగశాల సొమ్ము విద్యార్థుల ఫీజుల సొమ్ము. దాని లెక్క సరిగా నుండుట పాలకవర్గమునకు, విద్యార్థులకు సమానముగా అవసరము.