ఉక్కు ఆట ఎవరిది? మాంగో వంతెన అవతలి నుంచి ఒక ప్రశ్న

2025 ఏప్రిల్ 3న ఐఎస్‌ఎల్ సెమీఫైనల్ తొలి అంచెలో జంషెడ్‌పూర్ ఎఫ్‌సీ సొంత మైదానంలో మోహన్ బగాన్‌ను 2-1తో ఓడించింది. నాలుగు రోజుల తర్వాత కోల్‌కతాలో, ఇక ఎక్స్‌ట్రా టైమ్ తప్పదనుకుంటున్న ఆఖరి క్షణాల్లో అపూయా గోల్ కొట్టాడు. బగాన్ 2-0తో నెగ్గి, మొత్తం మీద 3-2తో ఫైనల్ చేరింది. ఖలీద్ జమీల్ జట్టు ఆ రోజు చాలాసేపు తన గోల్ ముందే గోడ కట్టి నిలబడింది. ఇలాంటి ఆట చూసినప్పుడల్లా కోల్‌కతా అభిమాని అడిగే ప్రశ్న ఒకటే: ఇదీ ఒక ఫుట్‌బాలేనా? జంషెడ్‌పూర్ అభిమాని దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది: మాది ఉక్కు ఊరు, మేం చెమటోడ్చే ఆడతాం.

ఆట తీరును నేలతో ముడిపెట్టడం కొత్తేమీ కాదు. ఐర్లాండ్ గేలిక్ ఫుట్‌బాల్‌లో ఇది పతాక స్థాయికి చేరింది. బంతిని గాల్లో అందుకుని దూరంగా తన్నే ఆటే అసలు ఆట అని కెర్రీ కౌంటీ నమ్మకం. ఉత్తరాన టైరోన్, డొనెగల్ గుంపుగా వెనక్కి వచ్చి దారులు మూసేస్తాయి. 2003 సెమీఫైనల్లో టైరోన్ చేతిలో కెర్రీ ఓడినప్పుడు, కెర్రీ మాజీ దిగ్గజం పాట్ స్పిలేన్ అది చూస్తే వాంతొచ్చే ఫుట్‌బాల్ అన్నాడు. బ్రిటిష్ ఏలుబడిలో ఉన్న టైరోన్ జనానికి అది ఆట మీద విమర్శగా కాక, తమ మీద తిట్టుగానే వినిపించింది. ఈ రక్షణాత్మక ఆట ముదిరి చివరికి నిబంధనలే మార్చాల్సి వచ్చింది. ప్రతి జట్టూ కనీసం ముగ్గురిని ప్రత్యర్థి సగంలోనే ఉంచాలన్న కొత్త నియమంతో ఆడిన 2025 ఫైనల్లో కెర్రీ డొనెగల్‌ను ఓడించి 39వ టైటిల్ గెలిచింది.

అయితే అక్కడ కౌంటీకి ఆడేది సాధారణంగా ఆ కౌంటీ మనుషులే. జీతాలు లేవు, వేలంపాటలు లేవు. కాబట్టి ‘ఇది మా ఆట’ అనే మాటకు కొంత ఆధారం ఉంది. జంషెడ్‌పూర్‌కు ఆ ఆధారం ఏది?

2017లో టాటా స్టీల్ పెట్టిన క్లబ్ ఇది. తొలి కోచ్ స్టీవ్ కాపెల్ ఇంగ్లండ్ వాడు. 2021-22లో 43 పాయింట్లతో లీగ్ షీల్డ్ తెచ్చిన ఓవెన్ కోయిల్ స్కాట్లండ్‌లో పుట్టాడు. ఆ జట్టు కదలికలన్నీ గ్రెగ్ స్టీవర్ట్ చుట్టూ అల్లినవి, గోడ కట్టే ఆట అసలే కాదు. పైగా కోవిడ్ వల్ల ఆ సీజన్ మొత్తం గోవాలోనే జరిగింది. ఊరికి దక్కిన అతిపెద్ద కప్పు ఊరి జనం టీవీలో చూసిందే. జమీల్ 2017లో ఐజాల్‌ను ఐ-లీగ్ విజేతగా నిలిపినవాడు. 2025 ఆగస్టులో అతను భారత జట్టు కోచ్‌గా వెళ్లాడు. తీరు కోచ్‌తో వస్తుంది, కోచ్‌తో పోతుంది. ‘ఉక్కు మనుషులు’ అన్న బిరుదు మాత్రం కంపెనీ గుర్తులా మిగులుతుంది.

ఇక్కడే మాంగో సంగతి చెప్పుకోవాలి. సువర్ణరేఖ అవతల ఉన్న ఈ ప్రాంతం టాటా లీజు భూమిలోకి రాదు. ఇవతల నీళ్లు, రోడ్లు, పార్కులు కంపెనీ చూసుకుంటుంది. అవతల జనం వేరే మునిసిపల్ కార్పొరేషన్‌తో, తాగునీటి కొరతతో తంటాలు పడతారు. మ్యాచ్ రోజున మాత్రం వంతెన దాటి జేఆర్‌డీ టాటా కాంప్లెక్స్‌కు వచ్చిన మాంగో కుర్రాడు ‘మా ఉక్కు ఊరు’ అని అరుస్తాడు. మునిసిపల్ హద్దు ఇవ్వని పౌరసత్వాన్ని స్టేడియం రెండు గంటలు అరువిస్తుంది. దీన్ని కంపెనీ ప్రచారమని కొట్టిపారేయడం నాకు సరికాదనిపిస్తుంది. ఉత్తరాంధ్ర నుంచి పొట్ట చేతబట్టుకుని వెళ్లి, బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం కట్టుకున్న మన తెలుగువాళ్ల మనవలకూ ఇదే వర్తిస్తుంది. మూడు తరాలు ఉన్నా ‘మీదే ఊరు’ అని అడిగించుకునేవాళ్లకు ఒక జెర్సీ చిన్న విషయమేమీ కాదు.

నిజంగా ఈ నేలకు ఒక ఆట ఉందంటే అది ఊళ్లలో ఉంది. జార్ఖండ్ పల్లెల్లో గెలిచిన జట్టుకు మేకపోతును బహుమతిగా ఇచ్చే ‘ఖస్సీ’ టోర్నీలు జరుగుతాయి. ఎగుడుదిగుడు పొలంలో, వేగమూ దమ్మూ ఉన్నవాడిదే పైచేయి. స్టేడియంలో పొగిడే ‘ఉక్కు తీరు’కీ ఈ పొలం ఆటకీ మధ్య ఎవరూ వంతెన కట్టలేదు. 1987 నుంచి టాటా ఫుట్‌బాల్ అకాడమీ దేశానికి ఎందరో ఆటగాళ్లను ఇచ్చింది, నిజమే. కానీ దాని ఎంపిక దేశమంతటికీ చెందినది.

తీరు ఒక ఊరిదిగా నిలబడాలంటే ఏం కావాలో మన హైదరాబాదే ఒకప్పుడు చూపింది. 1950 నుంచి 1963లో మరణించేదాకా సిటీ పోలీస్ జట్టును నడిపిన సయ్యద్ అబ్దుల్ రహీం స్థానిక కుర్రాళ్లకు చిన్న పాసుల ఆట నేర్పాడు. డ్రిబ్లింగ్ చేయకూడదన్న నిబంధనతో టోర్నీలే పెట్టాడు. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదు రోవర్స్ కప్‌లు గెలిచింది. జంషెడ్‌పూర్ షీల్డ్ గెలిచిన సీజన్‌లోనే ఐఎస్‌ఎల్ కప్పు గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ, 2025లో పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. ఒక క్లబ్‌ను అలా మూటగట్టి తీసుకెళ్లగలరు. రహీం ఆట హైదరాబాద్‌లో పోయింది మాత్రం అలా కాదు. కుర్రాళ్లకు నేర్పే మనిషి, ఆడే మైదానం ఒక్కొక్కటిగా లేకుండా పోయాయి. మాంగోలో ఆ రెండూ ఇంకా మొదలే కావాల్సి ఉంది.