నాడి అందని చెయ్యి

"మా అమ్మాయికి 19 యేళ్లు. జడ వేసుకుంటూ మధ్యలో చేతులు దించేసి కూచుంటుంది. దండెం మీద బట్టలారేసినా అంతే. బలానికి మంచి టానిక్కు చెప్పండి" అని తల్లులు అడుగుతూ వుంటారు. చాలామంది పిల్లలకిది వట్టి నీరసమే. రక్తం తక్కువై కావచ్చు. అయినా టానిక్కు పేరు రాసేముందు నేను రెండు మణికట్లూ పట్టి చూస్తాను. మన పాతవైద్యంలో ఆడవారికి యెడమచేతి నాడి, మగవారికి కుడిచేతి నాడి చూడటం ఆనవాయితీ. యీ సంగతిలో ఒక చెయ్యి చాలదు.

అరుదుగా ఒక చేతిలో నాడి అందదు. గుండె చక్కగా కొట్టుకుంటూనే వుంటుంది; అడ్డల్లా దారిలోనే. గుండెనుంచి బయలుదేరే బృహద్ధమనికీ, దానినుంచి మెడకూ చేతులకూ పోయే పెద్ద కొమ్మలకూ గోడలు వాచి, మందమెక్కి, లోపలి దారి ఇరుకైపోతుంది. దీన్ని తకయాసు జబ్బు అంటారు. మికితో తకయాసు జపానులో కంటివైద్యుడు. ఒక యువతి కంటిలోపల రక్తనాళాలు దండలా చుట్టుకొని వుండటం చూసి 1908లో ప్రకటించాడు. నాడిమాట ఆయన యెత్తలేదు. అలాంటి కళ్లున్న తమ రోగులకు మణికట్టు దగ్గర నాడి దొరకలేదని చెప్పినవారు ఒనిషి, కగోషిమా అనే మరి ఇద్దరు డాక్టర్లు. నాడి జబ్బును కంటిడాక్టర్లు పట్టుకోవటం విచిత్రం కదూ!

ఇది యెక్కువగా 40 యేళ్ల లోపు స్త్రీలకు వస్తుంది. మన దేశంలోనూ వుంది. మొదట సన్నజ్వరం, చిక్కిపోవటం. ఇంట్లోవాళ్లు క్షయేమోనని భయపడతారు. పిమ్మట చేతులు లాగటం, తలతిప్పు, మెడపక్కన నొప్పి. (ముసలివారి చేతిలో నాడి తగ్గితే సాధారణంగా కొవ్వు పేరుకొని, అది వేరే కథ.)

మోసం యెక్కడంటే, ఇరుకైన చేతికి పట్టీ కట్టి చూస్తే రక్తపోటు తక్కువ చూపిస్తుంది. మూత్రపిండాలకు పోయే నాళం కూడా ఇరుకైతే అసలు పోటు ప్రమాదకరంగా యెక్కి వుంటుంది. "లో బీ.పీ., ఉప్పు కాస్త యెక్కువ వేసుకో" అన్న సలహా ఆ పిల్లకు విషమే. అందుకని రెండు చేతులకూ చూడమని అడగండి, డాక్టరేమీ అనుకోడు. పై అంకెలో 20కి మించి తేడా వుంటే కారణం తేల్చవలసిందే. రెండు చేతుల్లోనూ నాడి అందకపోతే కాలికి పట్టీ కడతాం. మెడమీద స్టెతస్కోపు పెడితే ఇరుకుదారిలో రక్తం బుసకొట్టటం వినిపించవచ్చు. ఆ తర్వాత డాప్లరు, సి.టి. ఆంజియోగ్రాం. రక్తపరీక్షలో ఇ.యస్.ఆర్. మామూలుగా వున్నంతమాత్రాన జబ్బు లేదనుకోరాదు.

వాపు తగ్గటానికి స్టీరాయిడ్లు ఇస్తాం. ఒళ్లు తేలికపడింది కదా అని వాటిని సొంతంగా మానేయకూడదు. బిడ్డను కోరుకునేవారు గర్భం రాకముందే డాక్టరుతో మాట్లాడి, రక్తపోటు యే చేతికి చూస్తే నిజం తెలుస్తుందో చీటీమీద రాయించుకుని దగ్గర వుంచుకోవాలి.