తుంగభద్ర తాబేలుకు చైనా చెరువు లెక్క కుదరదు

చైనాలో మెత్తపెంకు తాబేళ్ల పెంపకం మనకు చేపల చెరువంత మామూలు వ్యవహారం. ఏటా 3 లక్షల టన్నులకు పైగా బజారుకు వస్తాయి. అక్కడి రైతుకు మగపిల్లలే ముద్దు. మగది త్వరగా బరువెక్కుతుంది, కొవ్వు తక్కువ, పెంకు చుట్టూ మంచి ధర పలికే మెత్తని అంచు వెడల్పుగా ఉంటుంది. అందుకే గుడ్డులోంచి మగదే వచ్చేలా చూసే పనిలో అక్కడి పరిశోధకులు పడ్డారు.

సముద్ర తాబేళ్ల గురించి చదివినవారికి ఇక్కడో సందేహం రావచ్చు. వాటిలో ఆడామగా తేల్చేది ఇసుక వేడి. మన తీరానికి గుడ్లు పెట్టడానికొచ్చే ఆలివ్ రిడ్లీలకూ అంతే, వేడెక్కువైతే ఆడవే పుడతాయి. మెత్తపెంకు తాబేళ్ల దారి వేరు. కోళ్లలో లాగే ఆడదానికి జెడ్, డబ్ల్యూ క్రోమోజోములు, మగదానికి రెండూ జెడ్‌లే. చైనా జాతిలో ఈ సంగతిని 2007లో జపాన్ పరిశోధకులు తేల్చారు. ఈ ఏర్పాటు డైనోసార్ల కాలం నాటిదని, మెత్తపెంకు తాబేళ్ల కుటుంబమంతటా నిలిచి ఉందని 2017 నాటి మరో అధ్యయనం చూపింది. గుడ్డును ఏ వేడిలో పొదిగినా లెక్క మారదు. మార్చాలంటే హార్మోను కావాలి. పిండం దశలోనే ఈస్ట్రోజన్ ఇస్తే రెండు జెడ్‌లున్న పిల్ల కూడా ఆడదిగా పెరిగి గుడ్లు పెడుతుంది. చూపుకు తేడా తెలియదు, డీఎన్‌ఏ పరీక్షతో ఏరుకోవాల్సిందే. దాన్ని మామూలు మగదానితో కలిపితే ఇక డబ్ల్యూ అన్నదే ఉండదు కాబట్టి పిల్లలన్నీ మగవే.

దీనితో బళ్లారి సరిహద్దుకేం పని? తుంగభద్రలో ఉన్నవీ ఈ కుటుంబం తాబేళ్లే. హోస్పేట డ్యామ్ దిగువ నుంచి కంప్లి వంతెన దాకా సుమారు 34 కిలోమీటర్ల నదిని కర్ణాటక 2015లో నీటికుక్కల సంరక్షణ ప్రాంతంగా ప్రకటించింది. ఆ రాతి మడుగుల్లో లీత్ మెత్తపెంకు తాబేలూ ఉంటుంది. ద్వీపకల్ప భారత నదులకే పరిమితమైన ఈ జాతి ఐయూసీఎన్ లెక్కలో అంతరించిపోయే ముప్పు అత్యంత తీవ్రంగా ఉన్నది. 2022లో పనామాలో జరిగిన అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒప్పందం (సైటిస్) సమావేశంలో భారత్ ప్రతిపాదనతోనే దీన్ని మొదటి అనుబంధంలో చేర్చారు. సిరుగుప్ప దాటాక అదే నది కర్నూలు జిల్లాలోకి, ఆంధ్ర అటవీ శాఖ చేతికి వస్తుంది. చెరువుల్లో, కాలువల్లో కనిపించేది మరో జాతి, మూతకాళ్ల తాబేలు. వెనక కాళ్లను పెంకు కింది మూతలతో దాచుకుంటుంది. వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో ఉంది. అయినా గోదావరి జిల్లాల నుంచి ఒడిశా వైపు వీటిని గోతాల్లో తరలిస్తూ పట్టుబడటం ఆగలేదు.

పెంచి అమ్మితే అడవి తాబేళ్లు బతికిపోతాయి కదా అనే వాదన ఒకటుంది. అది నాకు నమ్మబుద్ధి కాదు. పెంపకంలో తరతరానికీ సంతానశక్తి తగ్గుతుండటంతో, అడవిలో పట్టిన తాబేళ్లకు పెంపకందార్లే పెద్ద గిరాకీ అయ్యారని చైనాపై 2007 అధ్యయనం చెప్పింది. పైగా మన మూతకాళ్ల తాబేలులో పెద్దగా పెరిగేది ఆడది. చైనా లెక్క అక్కడే తలకిందులవుతుంది. అన్నిటికీ మించిన చిక్కు మరొకటి. హార్మోనుతో మార్చిన ఆడవి తప్పించుకుని నదిలో పడితే వాటికి పుట్టే పిల్లలన్నీ మగవే అవుతాయి. ఎక్కువై కూర్చునే మగవాటితో నదిలోని కొద్దిపాటి ఆడవాటికి మిగిలేదేమిటి?

దరోజీ ఎలుగుబంట్ల అభయారణ్యం, అనంతపురం మెట్టల్లోని నక్షత్ర తాబేలు కథ ఇందుకు పూర్తిగా వేరు. దాని పిల్లలు ఆడవో మగవో తేల్చేది పొదుగు వేడే. అక్రమ వ్యాపారం నుంచి విడిపించి సంరక్షణ కేంద్రాల్లో ఉంచిన వాటి గుడ్లను పొదిగిస్తే వేడిని నమోదు చేయకపోవడం నిర్లక్ష్యమే. మెత్తపెంకు తాబేలుకు ఆ బాధ లేదు, దానికి కావలసింది గుడ్లు పెట్టే ఇసుక తిన్నెలు. ఇసుక తవ్వకం వాటిని మింగుతుంది, డ్యామ్ గేట్లు ఎత్తితే ఒడ్డున గుడ్లు మునుగుతాయి. 1953 నుంచీ తుంగభద్ర బోర్డు కర్ణాటక, ఆంధ్రల మధ్య నీటివాటాలు చూస్తోంది. నీటి విడుదల పట్టిక వేసే ముందు గుడ్ల కాలం ఎప్పుడో అటవీ శాఖను అడిగే పద్ధతి అక్కడే మొదలుకావచ్చు.