బంతి బీరువాలో ఉంటే బలరాం ఎట్ల పుడతాడు?

తులసీదాస్ బలరాం పేరు మనలో ఎంతమందికి తెలుసు? ఆయన 1936లో మన సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో పేదింట్లో పుట్టాడు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టులో ఫుట్‌బాల్ ఆడి, 1957లో కలకత్తా ఈస్ట్ బెంగాల్ క్లబ్బుకు పోయాడు. 1961లో ఆ క్లబ్బుకు కెప్టెన్ అయి, 23 గోల్స్ కొట్టి కలకత్తా లీగ్ గెలిపించాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద గోల్ కొట్టాడు. 1962లో జకార్తా ఏషియాడ్ బంగారు పతకం గెలిచిన జట్టులో ఉన్నాడు. 1963లో జబ్బు చేసి, 27 ఏళ్లకే పెద్ద ఆటకు దూరమయ్యాడు.

చూశారా, ఆటకు ఆయుష్షు ఎంత తక్కువో! చదువు ముప్పై ఏళ్లకైనా సాగుతది, కాళ్ల బలం అంతదాక ఆగదు. ఆడితే రాత్రి స్టడీలో కునుకు వస్తదంటారు. రావచ్చు. కానీ ఆడనోళ్లు మాత్రం కునుకు తీస్తలేరా?

వార్డెన్ సార్ గారికి మా మనవి: బంతి ఆదివారం దాక బీరువాలో పెట్టకండి. రోజూ సాయంత్రం ఒక గంట ఇప్పించండి. పదో తరగతి అన్నలారా, మీరూ ఐదో తరగతి తమ్ముళ్లకు బంతి అందించండి. బలరాం వాళ్లలోనే ఉన్నాడేమో, ఎవరికి తెలుసు?